ఫ్రీజరమ్మ ఏమరుపాటు

పొద్దున్నే ఆమె ల్యాబ్‌లో అడుగుపెట్టేసరికి పెద్ద ఫ్రీజర్ మీది అంకెలు మైనస్ డెబ్భై డిగ్రీలు చూపిస్తున్నాయి. ముందు రోజు సాయంత్రం ఆమె ఇంటికి బయల్దేరేటప్పుడు మైనస్ ఎనభై ఉంది. అందులో ఆమె నాలుగేళ్ల కష్టం ఉంది, వేలెడేసి గొట్టాల్లో గడ్డకట్టించిన ఆకుల సారం.

“దీన్ని ఎవరు ముట్టుకున్నారు?”

విద్యార్థులు తలలు వంచుకున్నారు. చాటుగా ఆమెకు ఫ్రీజరమ్మ అని పేరు పెట్టిందీ వాళ్ళే.

“నేనేనండీ,” అన్నాడు కిటికీ దగ్గర నిలబడ్డ కొత్త మనిషి. “పొరుగు దేశం యూనివర్సిటీ నుంచి వచ్చాను. ల్యాబ్‌లో కరెంటూ చెత్తా ఎలా తగ్గించాలో ఒకళ్ల దగ్గర ఒకళ్లం నేర్చుకోవాలని మన రెండు యూనివర్సిటీల మధ్యా ఒప్పందం. మైనస్ డెబ్భై చాలు, బోలెడు కరెంటు మిగులుతుంది. మీ ప్రొఫెసర్ గారు సరేనన్నారు.”

“ఆయన సరేనంటారు. పాడైతే ఏడ్చేది నేను.”

వాదిస్తాడనుకుంది. అతను వెంటనే వెళ్ళి మళ్ళీ మైనస్ ఎనభైకి మార్చాడు. “మీకు చెప్పారనుకున్నాను. అడక్కుండా చెయ్యడం నాదే తప్పు. మీకు నమ్మకం కుదిరాకే చేద్దాం.”

“నాకు నమ్మకం లెక్కలు చూస్తేనే కుదురుతుంది,” అందామె.

చివరికి పరీక్ష పెట్టుకున్నారు. ప్రతి నమూనాకూ రెండు భాగాలు. ఒకటి మైనస్ ఎనభైలో, ఇంకొకటి పక్క ఫ్రీజర్‌లో మైనస్ డెబ్భైలో. వారానికోసారి రెండూ తీసి చూడాలి. అతనికి ఉన్నవి ఆరు వారాలు. ఫలితం బాగుంటే రెండు యూనివర్సిటీల ఫ్రీజర్లూ మారతాయి. బాగోకపోతే అతని పథకం అటకెక్కుతుంది.

అతను ఊరికే కూర్చునే రకం కాదు. ఘాటు ఆవిర్లు లాగే గాజు అరల తలుపులు ఎవరైనా పైకెత్తి వదిలేస్తే, కరెంటు దండగని వెనకాలే వెళ్ళి దించేవాడు.

“ఇంట్లో కూడా ఇంతేనా మీరు?” అందామె.

“మా అమ్మ ఫ్రిజ్ తెరిచి, ఏం వండాలా అని ఆలోచిస్తుంది. నేను వెనక నిలబడి సెకన్లు లెక్కపెడతాను. రెండుసార్లు గరిటె పట్టుకుని తరిమింది.”

ఆమెకు నవ్వొచ్చింది. అది కనబడకుండా సింకు వైపు తిరిగి గాజు గొట్టాలు కడగసాగింది.

“ఇవి పారెయ్యరా?”

“ఎందుకు పారేస్తాం? కడిగి, ఓవెన్‌లో ఎండబెట్టి మళ్ళీ వాడతాం. వీటిలో పదేళ్ల నాటివి కూడా ఉన్నాయి.”

“మా దగ్గర అంతా ప్లాస్టిక్. రోజుకి రెండు బస్తాల చెత్త.” అతను నోట్‌బుక్ తీసి రాసుకోవడం మొదలుపెట్టాడు.

“మీరు పాఠం చెప్పడానికి వచ్చారా, నేర్చుకోవడానికా?”

“రెంటికీను. టికెట్ ఒక్కటే.”

నాలుగు వారాలు రెండు ఫ్రీజర్ల ఫలితాలూ ఒకేలా వచ్చాయి. ఐదో వారం మైనస్ డెబ్భైలో ఉన్నవి పాడయ్యాయి.

అతను ఆ కాగితం రెండుసార్లు చదివాడు. “నేనే పొరపాటు పడ్డట్టున్నాను,” అన్నాడు మెల్లగా. “సాయంత్రం మీటింగ్‌లో చెప్పేసి, రేపే బయల్దేరతాను.”

ఆమెకు ఆ మధ్యాహ్నం అన్నం సయించలేదు. ఏం జరిగిందో ఆమె ఒక్కదానికే తెలుసు. మంగళవారం జోరున వాన. ఆమె మైనస్ డెబ్భై గొట్టాల ట్రే బయటికి తీసింది. అద్దం మీద జారే చినుకుల్లో ఏది ముందు కిందికి చేరుతుందోనని పందెం కాస్తూ, చిన్నప్పుడు తన చెల్లెలి చేతిలో ఎలా ఓడిపోయేవాడో అతను చెబుతున్నాడు. ఆమె వింటూ నిలబడిపోయింది. తేరుకునేసరికి నలభై నిమిషాలయింది, గొట్టాలకు చెమటలు పట్టాయి. ఏమీ కాదులే అని తనకు తానే సర్దిచెప్పుకుని లోపల పెట్టేసింది.

అక్కకు ఫోన్ చేసింది. “చెబితే ఇన్నాళ్ల పేరు పోతుందే.”

“చెప్పకపోతే?”

“అతను పోతాడు.”

“మరింక నన్నడగడం దేనికే?”

మీటింగ్‌లో తెర మీద అతని యూనివర్సిటీ పెద్దావిడ, ఇటుపక్క ప్రొఫెసర్ గారు. అతను గొంతు సవరించుకున్నాడు. ఈలోగా ఆమె లేచింది.

“తప్పు ఫ్రీజర్‌ది కాదండీ, నాది. ఆ ట్రే నలభై నిమిషాలు బల్ల మీద ఉండిపోయింది.”

“నువ్వా?” ప్రొఫెసర్ గారు కళ్ళజోడు తీశారు. “కారణం రాయాలి కదమ్మా.”

“ఏమరుపాటు అని రాయండి సార్.”

“దేనివల్ల?” పెద్దావిడ పెన్ను పట్టుకుని అడిగింది.

ఆమె చెవులు వేడెక్కాయి. “ఈయన మాట్లాడుతున్నారు. వింటూ ఉండిపోయాను.”

పెద్దావిడ పెన్ను పక్కన పెట్టేసింది. “అది రాయక్కర్లేదులే. కొత్త నమూనాలతో ఇంకో నెల చూడండి. మావాడు అక్కడే ఉంటాడు.”

వరండాలో అతను వెనకాలే వచ్చాడు. “నా కోసం మాట పడ్డారు.”

“మీ కోసం కాదు. నిజం కోసం.”

“మరి వింటూ ఉండిపోవడం?”

“అదీ నిజమే,” అంది నేల చూపులు చూస్తూ.

“అయితే నా నిజం కూడా వినండి. ఆ చినుకుల కథ పది నిమిషాలది. అయిపోతే మీరు వెళ్ళిపోతారని ఇంకో అరగంట సాగదీశాను. నాకసలు చెల్లెలే లేదు.”

ఆమె తలెత్తి చూసింది. కోప్పడదామనుకుంది గానీ పెదవులు మాట వినలేదు. “ఇంతకీ ఏం చెప్పాలనుకుంటున్నారు?”

“మీరు లేని ల్యాబ్‌కి తిరిగి వెళ్ళాలని లేదు. మీరు లేని ఇంటికి కూడా.”

“ముందు ఫలితాలు రానివ్వండి,” అంది. అని, రెండడుగులు వేసి ఆగింది. “వచ్చాక ఓ ఆదివారం మా ఇంటికి రండి. మా నాన్న తక్కువ మాట్లాడే మనిషి. ఐదు నిమిషాల్లో చెప్పెయ్యాలి.”

నెల తర్వాత రెండు ఫ్రీజర్ల ఫలితాలూ చక్కగా కలిశాయి. గాజు కడగడం నేర్పడానికి ఆరు నెలలు రమ్మని అతని యూనివర్సిటీ నుంచి ఆమెకు పిలుపొచ్చింది. ఆ ఆదివారం అతను మూడు నిమిషాల్లోనే పెళ్ళి సంగతి చెప్పేశాడు. నాన్న “మంచిది బాబూ” అని, అతని భుజం మీద చెయ్యి వేసి, చీకటి పడేదాకా లేవనివ్వలేదు.