పాటలో రెండో గొంతు

తొకికో పొయ్యి మీద ఎండు చేపను తిరగేసి, అరలో ఉన్న ప్లేయర్‌లో డిస్కు పెట్టింది. ముందురోజు సాయంత్రం టోక్యో నుంచి బుల్లెట్ రైల్లో వచ్చిన చిన్న కూతురు మాహో ఇంకా నిద్ర లేవలేదు. పెద్ద కూతురు చిగుసా కింద బాయిలర్ వెలిగించి, చేతులు తుడుచుకుంటూ వంటింటి గుమ్మంలోకి వచ్చింది.

సకాయ్ ఊళ్లో ఆ వీధివాళ్లందరూ స్నానానికి వచ్చేది వీళ్ల స్నానశాలకే. కింద స్నానశాల, పైన కాపురం. అక్కాచెల్లెళ్లు చిన్నప్పుడు కింద తొట్లు తోముతూ, ఒకరి పాటకు ఒకరు గొంతు కలుపుతూ పెరిగారు. పెద్దయ్యాక తమ జంటకు ‘యుగే’ అని పేరు పెట్టుకున్నారు. ఆవిరి అని అర్థం. ఆ పేరుతోనే దేశమంతా తిరిగి పాడారు. ఇప్పుడు అమెరికావాళ్లు వాళ్లిద్దరినీ బొమ్మలుగా గీసి పిల్లల కోసం కార్టూన్ సీరియల్ తీస్తున్నారు. యుగే పాత పాటలను ఏరి, ఆ సీరియల్ కోసం చేసిన కొత్త పాటను మొదట పెట్టి, ఒక ఆల్బమ్ తెస్తున్నారు. మాహో తెచ్చిన డిస్కు దానిదే. ఇంకా దుకాణాలకు రాలేదు.

పాట మొదలైంది. ముందు మాహో గొంతు, ఆ వెంటనే దాన్ని అల్లుకుంటూ పైకి లేచిన ఇంకో గొంతు. తొకికో చేతిలో గరిటె ఆగిపోయింది.

“చిగుసా! ఎంత బాగా పాడావే! నీ గొంతు నీకు తిరిగొచ్చేసిందే తల్లీ! నాకొక్క మాటైనా చెప్పకుండా ఎప్పుడెళ్లి పాడొచ్చావు?”

చిగుసా గుమ్మం దగ్గరే నిలబడిపోయింది. మెడలో గడ్డ తీసేసిన ఆపరేషన్ జరిగి రెండేళ్లయింది. ప్రాణానికి భయం లేదన్నారు డాక్టర్లు. కానీ ఆమె గొంతు కిందికి దిగిపోయింది, కాస్త బరకగా మారింది. అప్పటినుంచి ఆమె పాడలేదు. టోక్యో వైపు కూడా వెళ్లలేదు.

“నేను పాడలేదమ్మా.”

“చాల్లే, నా పిల్ల గొంతు నాకు తెలీదా?” తొకికో నవ్వుతూ కళ్లు ఒత్తుకుంది. “విను, విను. ఆ మాట దగ్గర నువ్విలాగే ఊపిరి పీలుస్తావు.”

చిగుసా విన్నది. నిజమే. ఊపిరి తీసుకునే చోటు కూడా తనదే. ప్రపంచంలో ఆ చోటు తెలిసిన మనిషి, అమ్మ కాక, ఇంకొక్కరే ఉన్నారు. ఆమె గబగబా మెట్లు దిగిపోయింది.

మాహో నిద్ర లేచి కిందికి వచ్చేసరికి అక్క ఆడవాళ్ల వైపు గచ్చును బ్రష్‌తో బరబరా తోముతోంది.

“ఆ రెండో గొంతు ఎవరిది?” తల ఎత్తకుండానే అడిగింది చిగుసా.

మాహో దువ్వుకోని జుట్టును చెవి వెనక్కి తోసుకుంది. “నాదే.”

“రెండూ నువ్వేనా?”

“రెండూ నేనే. మెల్లిగా, అమ్మ వింటుంది.”

“అమ్మ వినేసింది. మెచ్చుకుంది కూడా. నన్ను!” చిగుసా బ్రష్ విసిరేసింది. “పాడని పాటకు పొగడ్తలు మింగుతూ నిలబడ్డానే నేను! నాకు చెప్పాలని నీకు తోచలేదా?”

“కార్టూన్‌వాళ్లు వేరే అమ్మాయిని తెచ్చారక్కా,” అంది మాహో. “తెర మీద కనిపించేవి బొమ్మలే కదా, ఎవరు పాడితే ఏం తేడా అన్నారు. ఆ పిల్ల నా పక్కన నిలబడి నీలా కూనిరాగం తీసింది. నాకు ఒళ్లు మండిపోయింది. ఆ చోట ఇంకొకరు నిలబడటానికి వీల్లేదు, నేనే పాడతానన్నాను.”

“నన్ను పిలవొచ్చుగా?”

“పిలిస్తే వచ్చేదానివా? రెండేళ్లుగా ఏదడిగినా ‘తర్వాత చూద్దాం’ అనేగా నీ జవాబు! నేను ప్రతి ఊళ్లో నా పక్కన ఖాళీ మైకు పెట్టుకుని పాడుతున్నాను, తెలుసా నీకు? దాన్ని తీసేయమంటే తీయనివ్వలేదు. అది నీది.”

చిగుసా తను విసిరేసిన బ్రష్‌ను తీసి పక్కన పెట్టింది. కోపం వెతుక్కుంటే దొరకలేదు. దాని కింద దాచుకున్న భయమే చేతికి తగిలింది.

“ఈ గొంతు ఎవరు వింటారే?” అంది మెల్లిగా.

“నువ్వు పాడితేగా తెలిసేది!”

“పాడవే చిగుసా.”

మాట గోడ అవతల, మగవాళ్ల వైపు నుంచి వచ్చింది. రెండు వైపుల మధ్య గోడ కప్పు దాకా ఉండదు. అవతల ఏమన్నా ఇవతలికి వినబడుతుంది. తొకికో ఎప్పుడు దిగి వచ్చిందో, అంతా వినేసింది.

చిగుసా తడి గచ్చు మీదే కూర్చుని, పొద్దున విన్న కొత్త పాటను గుర్తున్నంత వరకు అందుకుంది. గొంతు మొదట జీరబోయింది. తర్వాత నిలబడింది. బరువుగా, నింపాదిగా, ఎత్తైన కప్పు కింద ఆ మూలనుంచి ఈ మూల దాకా నిండింది. మాహో అలవాటు కొద్దీ పైస్థాయిలో కలిసింది. రెండు గొంతులూ పొసగలేదు.

“నేను పైకి రాలేనే,” అంది చిగుసా ఆపి. “నువ్వు కిందికి రా.”

మాహో దిగి వచ్చింది. రెండు గొంతులూ కలిశాయి. పాత యుగేలా లేదు. ఎవరిలానూ లేదు. పాట అయ్యాక చిగుసా లేచి తడి చేతులతోనే చెల్లెలి ముఖం పట్టుకుంది.

“టిక్కెట్టు తీయి. టోక్యో వెళ్దాం.”

టోక్యోలో పాటల కంపెనీ తరఫున ఆల్బమ్ పని చూసే కురోదా తల పట్టుకున్నాడు. “చిగుసా గారూ, అక్కడ కార్టూన్‌లో బొమ్మల పెదాలు ఆ పాటకు తగ్గట్టు గీసేశారు. డిస్కులు అచ్చుకు వెళ్లబోతున్నాయి. ఎవరూ కనిపెట్టలేదు కదా!”

“మా అమ్మే కనిపెట్టలేదు,” అంది చిగుసా. “అందుకే వచ్చాను. ఆ బొమ్మ మీది, కురోదా గారూ. పేరు నాది. అట్ట మీద నా పేరుంటే లోపల నా గొంతుండాలి. లేదంటే నా పేరు తీసేయండి.”

“నా పేరు కూడా,” అంది మాహో.

కురోదా ఇద్దరినీ మార్చి మార్చి చూశాడు. ఫోన్లు చేశాడు, బతిమాలాడు, అమెరికావాళ్ల చేత తిట్లు తిన్నాడు. చివరికి టీవీలో పాటను మార్చడం కుదరలేదు. అక్కడ మాహో రెండు గొంతులతోనూ పాడినట్టు పేర్లలో వేయడానికి ఒప్పుకున్నారు. ఆల్బమ్‌లో మాత్రం అక్కాచెల్లెళ్లు కొత్తగా పాడిన పాటే వెళ్లింది. రికార్డింగు మధ్యలో మాహోకు ఏడుపు ఆగలేదు. చిగుసా చెల్లెలి వీపు మీద ఒక్కటిచ్చి, “ముందు పాడు, తర్వాత తీరిగ్గా ఏడుద్దువుగాని,” అంది.

ఆల్బమ్ దుకాణాలకు వచ్చిన రోజు మధ్యాహ్నం తొకికో స్నానశాల తలుపులు తెరిచి, గల్లాపెట్టె దగ్గర కూర్చుని డిస్కు పెట్టింది. రోజూ మొదట వచ్చే హమాఎ బామ్మ చెప్పులు విప్పుతూ చెవి రిక్కించింది.

“ఇదేంటి తొకికో, మీ పెద్దది పాడటం మానేసిందా? ఎవరిదీ బరక గొంతు?”

“మానేయలేదు పిన్నీ. అదే మా చిగుసా.”

“గొంతు మారిపోయిందే!”

“మారింది. ఇప్పుడు దాని గొంతు ఇదే,” అంది తొకికో.  గల్లాపెట్టె వదిలేసి, వెనక బాయిలర్ గదిలోకి నడిచింది. చిగుసా మంట సరిచేస్తోంది.

“ఆ రోజు డిస్కు విని ఎంత మురిసిపోయానో నాకే సిగ్గుగా ఉంది తల్లీ. నువ్వు బతికి నా కళ్లముందు తిరుగుతుంటే, పోయిన గొంతు ఎప్పుడొస్తుందా అని రెండేళ్లుగా ఎదురుచూస్తూ కూర్చున్నాను. నీ నోరు మూయించింది నేనేనేమో.”

చిగుసా లేచి, మసి అంటిన చేతులను వెనక్కి పెట్టుకుని, అమ్మ భుజం మీద గడ్డం ఆనించింది. ఇద్దరూ కాసేపు ఏడ్చారు. లోపల పాట సాగుతూనే ఉంది.

“ఇప్పుడు వింటున్నావుగా?” అంది చిగుసా.

“వింటున్నా.” తొకికో భుజం మీది తువ్వాలుతో ముఖం తుడుచుకుంది. “వెళ్లి ఆ సౌండు ఇంకాస్త పెంచు. మగవాళ్ల వైపు సరిగ్గా వినబడటం లేదు.”