అరచేతిలో అక్షరం

హైమవతి హస్తస్మారకం తొడుక్కునేసరికి ఉదయం పది దాటింది. పలుచని ఆ తొడుగు ఆమె వేళ్లను మెల్లగా వంచి, గంటం పట్టినట్టు నిలబెట్టింది. ఎదుట గాజుపెట్టెలో ఆరువందల ఏళ్లనాటి తాటాకు. దాని మీది ప్రతి గాటు లోతునూ కాంతితో కొలిచి, రాసినవాడి చేతి కదలికను తొడుగు ఆమె చేతికి అందిస్తుంది.

ఆ రోజుల్లో ఏ విద్యైనా అలాగే నేర్చేవారు. ఎప్పుడో పోయిన కుమ్మరి చేయి కొత్తవాడి సారె మీద ఆడేది. బడిపిల్లలు అక్షరాలు దిద్దేదీ తొడుగుతోనే.

ఈ వైద్యగ్రంథం రాసినవాడి పేరు ఎవరికీ తెలియదు. అయితే అతని చూపుడువేలు సరిగా వంగేది కాదనీ, ఆకు చివరికొచ్చేసరికి అలసిపోయేవాడనీ హైమవతికి తెలుసు. పదకొండు నెలలుగా ఇంటిముఖం చూడకుండా అతని చేతితోనే రాస్తోంది. ఆదివారాలు తొడుగు లేకపోతే ఏదో వెలితి.

"ఇదే ఆఖరాకు, హైమగారూ," అంది యంత్రం నడిపే ఫాతిమా. "రేపు ఈ తాటాకుల కట్టను నేలమాళిగలో పెట్టేస్తారు. ఇంకెవరూ ముట్టుకోరు."

"ఇంకొక్కసారి నడిపించమ్మా."

"ఇప్పటికి నాలుగుసార్లయింది కదండీ!"

"ఐదోది."

మర్నాడు సాయంత్రం ఆమె భీమవరంలో తమ్ముడి ఇంటికి చేరింది. కామేశానికి పదేళ్ల కిందట జ్వరంలో చూపూ, వినికిడీ పోయాయి. మాట మాత్రం మిగిలింది. అతని అరచేతిలో వేలితో అక్షరాలు రాసి మాట్లాడే పద్ధతి ఆమె పెట్టిందే.

"పొద్దుట్నించీ చెయ్యి చాపుకునే కూర్చున్నారు వదినా," అంది మరదలు రత్నమాల.

హైమవతి పక్కన కూర్చుని 'వచ్చాను' అని రాసింది. అతను చప్పున చెయ్యి లాక్కున్నాడు.

"ఎవరండీ మీరు? అక్క రాలేదా?"

'నేనే' అని రాసింది. అతను ఆమె చెంపలూ, నుదురూ తడిమి చూశాడు.

"మొహం అక్కదే. ఈ చెయ్యి ఎవరిది?"

ఆమె మళ్లీ మళ్లీ ప్రయత్నించింది. చూపుడువేలు వంగలేదు. మాట చివరికొచ్చేసరికి అలసిపోతోంది. ఫాతిమాకు ఫోన్ చేసింది.

"నా చేతిరాత కొలతలేమైనా ఉన్నాయా?"

"మీవా? మీవెందుకు తీస్తామండీ? పోయినవాళ్లవే కదా దాచేది."

హైమవతి తమ్ముడి చేతిని తన ఒళ్లో పెట్టుకుని ఏడ్చింది. ఆ తడి తగిలి అతను ఆమె వైపు తిరిగాడు.

"అక్కా, నీ చెయ్యి ఇటివ్వు."

ఆమె అరచేతిలో తన వేలితో నెమ్మదిగా 'అ' రాశాడు. పొట్ట బాగా గుండ్రంగా, తోక కాస్త ఎక్కువ సాగి. తన 'అ' అలా ఉండేదని ఆమెకే తెలియదు.

"నువ్విలా రాసేదానివి. ఇప్పుడు నా చేతిలో రాయి."

రాసింది.

"ఊహూఁ, తోక చాలదు. మళ్లీ."

ఆ పూట వాళ్లిద్దరూ 'ఆ' దాకా వచ్చారు.