దుమ్ముకి కాపలా

"దుమ్ముకా నేను కాపలా?" అన్నాడు ఏజెంట్ మౌని.

"సూర్యుడి చుట్టూ తిరిగే దుమ్ముకి," అన్నాడు చీఫ్, పళ్ళు కుట్టుకుంటూ. "ఎండకి వేడెక్కి పరారుణ కాంతి చిమ్ముతుంది. రాశిచక్ర కాంతి అంటార్లే. దాన్ని కొలవడానికి మనవాళ్ళు అంతరిక్షంలోకి టెలిస్కోప్ పంపారు. అది క్షిపణుల వేడి పసిగట్టే నిఘా కన్ననుకుంటోంది విదేశీ ముఠా. ఈ మధ్యాహ్నం దాన్ని సూర్యుడి వైపు తిప్పేస్తారట. డిటెక్టర్ మాడి మసైపోతుంది."

"అంత తెలివితక్కువ ముఠా మీదికి నేనా?"

"నువ్వే. కంట్రోల్ రూమ్‌లో డేటా అనలిస్ట్ ఒకావిడ ఉంది. ముఠాలో మనం నాటిన మనిషి, ఈ దుమ్ము లెక్కల్లో దిట్ట. 'చలిగా ఉందా?' అను. 'లోపలే ఎక్కువ' అంటుంది."

మౌనికి మనుషులంటే చిన్నచూపు. అది తన తెలివికి గుర్తనుకునేవాడు. నిజానికి ఎవర్నీ దగ్గరగా చూసే శ్రమ లేకుండా బతకడానికి అదొక ఉపాయం.

ఏసీ మెకానిక్ వేషంలో కంట్రోల్ రూమ్‌లోకి వెళ్ళాడు. ఇద్దరే ఉన్నారు. మెడలో ముత్యాలతో అనలిస్ట్, స్వెట్టర్ బొత్తాలు ఎగుడుదిగుడుగా పెట్టుకున్న ముసలి సైంటిస్టు.

"చలిగా ఉందా?"

"లోపలే ఎక్కువ." ఆమె గొంతు తగ్గించింది. "ఆ ముసలాయనే ముఠా మనిషి. ఓ కన్నేసి ఉంచు."

మౌని చూశాడు. నమిలిన పెన్సిల్, నిద్రమొహం. ద్రోహం చెయ్యడానిక్కూడా కాస్త వెన్నెముక ఉండాలి కదా అనుకుంటూనే నమ్మేశాడు.

"సార్, డేటాలోంచి దుమ్ము వెలుగంతా తీసేశాను. అద్దంలా ఉందిప్పుడు," అంది ఆమె.

ముసలాయన తల ఎత్తలేదు. "అలా తీసేసేది గెలాక్సీలు చూసేవాళ్ళమ్మాయ్. వాళ్ళకది చెత్త. మనకదే పంట. అదీ పోయాక ఇంక కొలిచేదేముంది, నా మొహమా?"

ఆమె నవ్వింది. క్షణం ఆలస్యంగా నవ్వింది.

పాఠం బట్టీపట్టి వచ్చింది, కానీ పక్క క్లాసుది. ఇక్కడ కొలిచేదేమిటో తెలియని మనిషి కొలవడానికి రాలేదు. చీఫ్ చెప్పిన మనిషీ కాదు, సంకేతం ఎలాగో సంపాదించిన ముఠా మనిషి.

ఆమె స్క్రీన్ మీద టెలిస్కోప్‌ని తిప్పే కమాండ్ సిద్ధంగా ఉంది. లిప్‌స్టిక్ మూత తీసింది. లోపల తాళంచెవి! అది ప్యానెల్‌లోకి దూరింది. అది తిరిగే లోపే మౌని పెన్నులోని మత్తు సూది ఆమె మణికట్టులో దిగింది.

"చెప్పగానే నమ్మేశావు," అంది ఆమె, కుర్చీలో కూలబడుతూ. "ఆయన్ని ఒక్కసారైనా సరిగ్గా చూశావా?"

మౌని తాళంచెవి లాగి జేబులో వేసుకున్నాడు. అప్పటికే ఆమెకి మత్తెక్కింది.

"ఏసీ అబ్బాయ్," అన్నాడు ముసలాయన, ఆమె వెనకున్న స్క్రీన్ కోసం మెడ పక్కకి సాచి. "ఆవిణ్ణి కుర్చీతో సహా కాస్త అటు జరుపు. దుమ్ము కనపడట్లేదు."

దేశం పరువు కాపాడిన చేతులతో మౌని కుర్చీ జరిపాడు. ఆ గదిలో అతనికన్నా దుమ్ముకే గౌరవం ఎక్కువ.