ఆఖరి రాయి పెట్టే ముందు

హజరత్తయ్య తాపీ పట్టాడంటే సముద్రం పది బారలు వెనక్కి జరిగి నిలబడేది! ఆయన కట్టిన గోడను గుద్దుకుని నాలుగు లారీలు తుక్కయ్యాయి గాని, గోడ మీద సున్నం పెచ్చు కూడా రాలలేదు. నమ్మకపోతే బోగోలు పోయి ఏ టీ కొట్లోనైనా అడగండి.

అంతటి మేస్త్రి ఆ కార్తీకమాసం మధ్యాహ్నం కొడుకు పెంచల్‌తో కలిసి, ఒడ్డునున్న పాతకోట బురుజు నీడన టీ తాగుతున్నాడు. పోయిన తుఫానుకు బురుజుకి మనిషి దూరేంత కంత పడింది. పొద్దుగూకేలోపు దాన్ని పూడ్చాలి. గానుగసున్నం సిద్ధం. పైన వాయుగుండం మబ్బులు దున్నపోతుల మందలా కమ్ముకొస్తున్నాయి.

"నాయనా, ఈడ కూడా అడుగుతావా?" నవ్వాడు పెంచల్. "గబ్బిలాలు జవాబు చెప్తాయేమో."

"నోర్ముయ్‌రా. ఈడే అడగాల."

అది వాళ్ల ఇంటి ఆచారం. ఏ గోడ కట్టినా, ఆఖరి రాయి పెట్టే ముందు ఇంటి పెద్ద ఆ సందులో నోరు పెట్టి, 'లోపలెవరన్నా ఉండారా?' అని మూడుసార్లు అడుగుతాడు. ఆ ఆచారం పుట్టింది ఈ బురుజు దగ్గరే. ఎప్పుడో, శత్రువుల ఓడలు కనబడిన రోజు, లోపల ఫిరంగుల దగ్గరున్న పదకొండు మంది లొంగిపోతారేమోనని కోటను ఏలే కిల్లేదారు బయటినుంచి వాకిలి రాళ్లతో మూయించాడు. మూసింది హజరత్తయ్య ముత్తాతకు ముత్తాత. మనుషులున్నారని తెలిసీ, ఒక్క మాట అడక్కుండా మూశాడు. ఆఖరి సందులోంచి ఒక గొంతు మాత్రం బయటికొచ్చింది.

"అడక్కుండా మూసినావు మేస్త్రీ. నీ వంశంలో ఒకడు ఈడికొచ్చి అడుగుతాడు. ఆ పొద్దు జవాబు చెప్తాం."

కంతకు అడ్డంగా గోడ నడుమెత్తు లేచింది. "పొద్దున రాళ్లేరతా నా తాపీ లోపలే మర్చిపోయినా," అంటూ పెంచల్ కంతలోంచి దూరి లోపలికి పోయాడు. కాసేపటికి ఒళ్లంతా దుమ్ముతో బయటికొచ్చి, రాళ్లందించసాగాడు. చినుకులు పడేలోపు పని కావాలని హజరత్తయ్య తల కూడా ఎత్తలేదు.

ఒక్క రాయంత సందు మిగిలింది. పట్టపగలే దీపం కావలసినంత చీకటి. సందులోంచి తడిసిన గబ్బిలాల కంపు... దాని వెనకే, కాలిన మందుగుండు వాసన.

"లోపలెవరన్నా ఉండారా?"

అలల హోరు.

"లోపలెవరన్నా ఉండారా?"

ఏదో గీరిన చప్పుడు...

"లోపల... ఎవరన్నా ఉండారా?"

"నాయనా... నేను. పెంచల్‌ని. మూయొద్దు."

హజరత్తయ్య పక్కకు చూశాడు. పెంచల్ రాయి పట్టుకుని నిలబడి ఉన్నాడు.

"రేయ్..." ముసలాయన సందుకీ, పక్కనున్నవాడికీ వినపడేలా అడిగాడు. "మీయమ్మ నిన్నేమని పిలిచేది?"

"చిట్టోడా అని."

బయటినుంచి ఒకటి. లోపలినుంచి ఒకటి. రెండూ ఒకేసారి... ఒకే గొంతు.

జవాబు చెప్తామన్నారు. ఏడు తరాలు కాచుకుని చెప్తున్నారు... నా కొడుకు గొంతుతో! హజరత్తయ్య పళ్లు బిగించాడు. పక్కనున్న చేతుల్లోంచి రాయి లాక్కుని సందులోకి దిగ్గొట్టాడు. సున్నం మెత్తాడు.

లోపల ఇనుము రాతికి తగులుతోంది. టక్... టక్... టక్...

వెనక్కి చూడకుండా కొడుకు చెయ్యి పట్టుకుని వానలో ఇంటిదాకా నడిచాడు.

తలుపు ఓరగా వేసి ఉంది. లోపల కోడలు రేవతి బిడ్డను ఊపుతోంది. పెంచల్ గడప ముందు ఆగాడు. వంగి, తలుపు సందులో నోరు పెట్టాడు.

"లోపలెవరన్నా ఉండారా?"

జన్మలో ఒక్కసారి కూడా అడగనివాడు. ఎగతాళి చేసేవాడు.

"ఉండాంలే, తడిసిపోతా ఉండావు, రా!" రేవతి నవ్వింది.

"లోపలెవరన్నా ఉండారా?"

హజరత్తయ్య చూపు కొడుకు చేతుల మీద పడింది. మణికట్టుదాకా తడి సున్నం. తాపీ కోసం లోపలికి పోయిన చేతులు... ఒట్టివి.

తాపీ ఏది?

టక్... టక్... చెవుల్లో ఆ చప్పుడు.

"లోపల... ఎవరన్నా ఉండారా?"

"చెప్తా ఉంటే వినపడలా? ఉండాం!"

గడప పక్కన, పొద్దున లేని బురుజు రాళ్లు పేర్చి ఉన్నాయి. పదకొండు. అంత వానలో, ఒక్కటీ తడవలేదు.