పచ్చ బస్సు వీపు

మా వల్పరైసో రేవులో కరెంటు బస్సులు నాకంటే పెద్దవి. నేను చెప్పుకునే వయసుకంటే కాదు, అసలు వయసుకంటే. ఓడలోంచి దిగిన నాటినుంచి నడుస్తూనే ఉన్నాయి. చచ్చిన బస్సు తలుపు తీసి బతికిన బస్సుకు బిగిస్తారు. డ్రైవర్లూ అంతే, పోయినవాడి సీట్లో ఉన్నవాడు కూర్చుంటాడు. కాకపోతే ఒక పద్ధతుంది. పోయినవాడి కోసం చేసే తొమ్మిది రోజుల ప్రార్థనలు ముగిసేదాకా, అతను కూర్చున్న మెత్తను సీటు మీంచి తీయరు.

లియోన్సియో తీసేశాడు.

అతని కడుపుమంట అలాంటిది. అందరికంటే నున్నగా మెరిసే పచ్చ బస్సు అన్సెల్మోది. దాని వెనక వచ్చే బస్సు లియోన్సియోది. ఆ పచ్చ వీపును చూసినంత ఆశగా పెళ్ళాన్ని కూడా చూసి ఉండడు. అన్సెల్మో పోయిన మర్నాడే బస్సెక్కి, పాత మెత్తను చెత్తకుండీలో పడేసి, కొత్త ఎర్ర మెత్త వేసుకున్నాడు.

"ప్రార్థనలు అయ్యేదాకా ఆగలేవట్రా?" అన్నాను. డ్రైవర్లకు ఎంపనాడాలు, అదే మాంసం కూరిన కజ్జికాయలు, అమ్ముతాను, బుట్టతో ముందు సీటు నాదే.

"ముప్పై ఏళ్ళు దీని వీపే చూశాను పిన్నీ. ఇంక చూడను."

ఆ ఉదయం సముద్రం మీంచి మంచు కమ్మింది. చేపల వాసన, తడి ఇనుము వాసన. రేవు మలుపులో బస్సు పైనున్న గడలు కరెంటు తీగల మీంచి జారిపోయాయి. మోటారు మూలుగు ఆగింది. రోజూ జరిగేదే. లియోన్సియో తిట్టుకుంటూ దిగాడు. వెనక తాళ్ళు లాగి గడలను తీగలకు అందించాలి. అవి అందగానే వెనక రేకు మీద రెండు దెబ్బలు వేయడం అతని అలవాటు.

దెబ్బలు వినపడలేదు.

ఎర్ర మెత్త మెల్లగా... కుంగింది. ఎవరో కూర్చున్నట్టు.

తలుపు మూసుకుంది. బస్సు కదిలింది. కరెంటు లేదు. అక్కడ పల్లమూ లేదు.

"పిన్నీ... ఎవరు నడుపుతున్నారు?" మంచులోంచి లియోన్సియో గొంతు.

కిటికీ దగ్గరికి పోతూ బుట్ట వదిలేశాను. పుట్టి బుద్ధెరిగాక అదే మొదటిసారి. తల బయటపెట్టి అరిచాను. "తాళ్ళు వదిలెయ్‌రా!"

"వదలను! ఇది నాది!"

పరిగెత్తే అడుగుల చప్పుడు... ఇంకా వేగంగా... తర్వాత అదీ లేదు.

తర్వాతి స్టాపులో బస్సు ఒద్దికగా ఆగింది. మెత్త పైకి లేచింది. నేను దిగి వెనక్కి వెళ్ళి చూశాను. తాళ్ళు ఎవరో లాగి పట్టుకున్నట్టు బిగుసుకుని ఉన్నాయి. కొసల దగ్గర ఎవరూ లేరు.

రేవంతా వెతికారు. ఎవతెతోనో లేచిపోయాడని వాళ్ళావిడ ఇప్పటికీ కుళ్ళుకుంటోంది. ఆ మొహానికి అంత సీనుందని ఆమె ఒక్కతే నమ్ముతుంది.

ఇప్పుడు పచ్చ బస్సు కొత్త డ్రైవరు రొసాల్బాది. మంచు పట్టిన రోజు ఆ మలుపులో గడలు జారుతాయి. ఆమె సీట్లోంచి లేచేలోపే మళ్ళీ తీగలెక్కుతాయి.

"గాలే పిన్నీ," అంటుంది, వెనక్కి చూడకుండా.

గాలేనేమో. కానీ వెనక రేకు మీద రెండు దెబ్బలు పడితే గానీ బస్సు కదలదు.