రీస్టార్ట్ అవ్వదులే, బావా

మా చుట్టాల్లో ఎవరికైనా జలుబు చేస్తే డాక్టరు దగ్గరికి వెళ్తారు. వాళ్ళ కంప్యూటర్‌కి జలుబు చేస్తే నా దగ్గరికొస్తారు. పెళ్ళికెళ్ళినా, పరామర్శకెళ్ళినా, చెప్పులు విప్పకముందే ఎవరో ఒకరు ఏదో ఒకటి నా చేతిలో పెట్టి "ఇది కొంచెం చూడు" అంటారు. కొంచెం అంటే మూడు గంటలు. పెరటి చెట్టు మందుకు పనికిరాదని సామెత. శుద్ధ అబద్ధం. పెరటి చెట్టునైతే వేళ్ళతో సహా పీక్కుపోతారు, అడిగేవాడు ఉండడు కదా.

ఈ విసుగు నాకు ఏళ్ళనాటిది. ముందే ఒప్పుకుంటున్నాను. జరిగినదంతా దాని వల్లే జరిగింది.

ఆ రోజు ఒంటిగంట వేళ కొట్లో ఎవరిదో ప్రింటర్ ముందేసుకుని, అందులో ఇరుక్కున్న కాగితం లాగుతుంటే అక్క ఫోను చేసింది. బావ కంప్యూటర్ పిచ్చిపిచ్చిగా చేస్తోందట. నాలుగు రోజులుగా మధ్యాహ్నం అయ్యేసరికి దానంతటదే ఒక తెల్ల పేజీ తెరుచుకుని రాసుకుంటోందట. ఏం రాస్తోందని అడిగాను.

"నువ్వొచ్చి చూడు తమ్ముడూ," అని పెట్టేసింది.

బావ పోయి అప్పటికి ఎనిమిది నెలలు.

బావ బోర్డులు రాసే పెయింటరు. మా వీధిలో సగం కొట్ల పేర్లు ఆయన చేతి రాతే. ఒకరోజు నిచ్చెన మీంచి పడ్డాడు. మెడ కింద నుంచి ఏదీ కదలకుండా పోయింది. అప్పుడు నేనే ఆ కంప్యూటర్ అమర్చాను. మంచం పక్కన స్టాండు, దానికి వంగే కడ్డీ, కడ్డీ చివర నోటి దగ్గరగా మైకు. ఆయన మాట్లాడితే అది రాస్తుంది. "ఫోను చెయ్యి" అంటే అక్క ఫోను మోగుతుంది. ఆ ఫోను ఇంకెవరిదో అనుకోకుండా దానికి వేరే మోత పెట్టాను, పాత సైకిల్ బెల్లు. గొంతులో ఏ కాస్త గరగర ఉన్నా మైకు చెత్త రాసేది. అందుకని బావ ఏదైనా చెప్పబోయే ముందు గొంతు సవరించుకునేవాడు, మీటింగులో లేచి నిలబడ్డ పెద్దమనిషిలాగా. నన్ను డాక్టరూ అని పిలిచేవాడు. కంప్యూటర్ల డాక్టరునని ఎగతాళి.

ఆయన పోయిన రోజు అక్క ఆసుపత్రికి మందుల కోసం వెళ్ళింది. క్యూలో ఆలస్యమైంది. అయిదుంబావుకి ఇంటికొచ్చేసరికి ఆయన లేడు. ఊపిరాడక పోయాడని, మెల్లగా పోయి ఉంటాడని, గంటో రెండు గంటలో పట్టి ఉంటుందని వచ్చిన డాక్టరు చెప్పాడు. అసలు డాక్టరు.

అక్క ఫోను ఆ రోజంతా ఆమె చేతిలోనే ఉంది. సైకిల్ బెల్లు మోగలేదు.

ఆ పొద్దున వాళ్ళిద్దరికీ మాటా మాటా వచ్చిందట. రాత్రంతా నిద్ర లేక అక్క నోరు జారింది. "మీకు మిగిలింది నోరొక్కటే. దానికైనా కాస్త విశ్రాంతి ఇవ్వండి," అంది. ఈ సంగతి నాకొక్కడికే చెప్పింది, గోడ వైపు తిరిగి. ఆ మాట పట్టుకుని ఆయన నోరు మూసుకున్నాడని, ఊపిరాడకపోయినా తనని పిలవలేదని అక్క నమ్మకం. ఎనిమిది నెలలు దాని మీదే బతుకుతోంది. సరిగ్గా తినదు. ఎవరైనా పెద్దగా మాట్లాడితే చెవులు మూసుకుంటుంది.

ఇప్పుడు అసలు సంగతి చెప్తాను. మీకు చెప్పడానికి నాకేం భయం లేదు. మీరు మా అక్క కాదు.

బావ పోవడానికి రెండు రోజుల ముందు నేను ఆ కంప్యూటర్‌లో కొత్త సాఫ్ట్‌వేర్ ఎక్కించాను. అది పాస్‌వర్డ్ పెడితేగాని ముందుకు కదలనంది. ఏదో ఒకటి పెట్టాను. పని అయ్యాక తీసేద్దామనుకున్నాను. అంతలో కొట్టు నుంచి ఫోను, ఎవరో గిరాకీ వచ్చి కూర్చున్నాడని. సంచి సర్దుకుంటుంటే బావ గొంతు సవరించుకున్నాడు.

"పాస్‌వర్డ్ అడిగితే నేనేం చేత్తో కొట్టాలి డాక్టరూ?"

"రీస్టార్ట్ అయితేనే అడుగుతుంది. రీస్టార్ట్ అవ్వదులే బావా. వచ్చేవారం తీసేస్తాను," అన్నాను. ఒక్క నిమిషం పని. కూర్చుని చేస్తే అయిపోయేది. అక్క అప్పుడు కింద కూరగాయలు కొంటోంది, ఈ మాటలేవీ వినలేదు.

ఆయన పోయిన మూడో రోజు, ఇంటినిండా జనం ఉండగా, ఏదో చూస్తున్నట్టు ఆ కంప్యూటర్ ముందు కూర్చున్నాను. ఎప్పుడేం జరిగిందో లోపల అన్నీ రాసి ఉంటాయి. మధ్యాహ్నం రెండూ ఎనిమిదికి అప్‌డేట్ పూర్తయి దానంతటదే రీస్టార్ట్ అయింది. రెండూ పదకొండు నుంచి పాస్‌వర్డ్ అడుగుతూ నిలబడింది. పాస్‌వర్డ్ కొట్టేదాకా అది ఎవరి మాటా వినదు. ఆయన ఎన్నిసార్లు "ఫోను చెయ్యి" అన్నాడో అందులో రాసి ఉండదు.

అప్పుడే పాస్‌వర్డ్ తీసేశాను. చేతులు కాలాక ఆకులు పట్టుకోవడమంటే ఏమిటో అప్పుడు తెలిసింది. అక్క వెనకాల నిలబడి, పిలిచాడేమో దాంట్లో ఉంటుందా అని అడిగింది. తేలు కుట్టిన దొంగలా ఉన్నాను. లేదక్కా, పిలవలేదు, నిద్రలోనే పోయాడు అన్నాను. ఓదార్చానని కూడా అనుకున్నాను, చూడండి నా బతుకు.

అందుకే అక్క ఫోను చేసిన వెంటనే కొట్టు మూసి బయల్దేరాను. బాగుచెయ్యడానికి కాదు. మొత్తం తుడిచెయ్యడానికి.

నేను వెళ్ళేసరికి ఒంటిగంటన్నర. మబ్బు కమ్మి గదిలో దీపం వెయ్యాల్సినంత చీకటి. మంచం మడిచి గోడకి ఆనించి ఉంది. మంచం కింద ఉండే రంగు డబ్బాలు అలాగే ఉన్నాయి, మూతలు బిగించి. టర్పెంటైను వాసన, పౌడరు వాసన. మైకు మాత్రం కదపలేదు. తలగడ ఉండాల్సిన చోట, ఖాళీలోకి వంగి ఉంది.

కాఫీ పెడతానని అక్క వంటింట్లోకి వెళ్ళబోతూ గుమ్మం దగ్గర ఆగింది.

"'ఫోను చెయ్యి' అని రాస్తోందిరా. ఆ ఒక్క ముక్కే. ఆ రోజు అన్నాడేమో, ఇంకోసారి చూసి చెప్పు," అంది.

చూస్తానన్నాను.

కూర్చుని కొట్లో చేసినట్టే వరసగా చేశాను. వైరస్ ఏమైనా ఉందేమో చూశాను. లేదు. ఫలానా టైముకి తెరుచుకోమని ఏదైనా పెట్టి ఉందేమో చూశాను. లేదు. మాటలు రాసే సాఫ్ట్‌వేర్ ఆపేసి ఉంది, నేనే ఎనిమిది నెలల కిందట ఆపాను. హమ్మయ్య, అక్క భ్రమపడుతోంది అనుకున్నాను. డిస్కు తుడిచే పని మొదలుపెట్టబోయాను.

రెండూ పదకొండుకి తెల్ల పేజీ తెరుచుకుంది.

ఫోను చెయ్యి.

కింద ఇంకో వరస. ఫోను చెయ్యి. బయట వీధిలో బండి కూడా పోవడం లేదు. ఫ్యాను గాలి మైకులోకి పోతోందేమో, దాన్నే మాటలనుకుంటోందేమో అనుకుని ఫ్యాను ఆపాను. గది నిశ్శబ్దమైంది. ఫోను చెయ్యి. ఇంటర్నెట్ తీగ పీకాను. ఎవరైనా బయటి నుంచి ఆడిస్తుంటే ఆగాలి. ఆగలేదు. ఫోను చెయ్యి. ఫోను చెయ్యి. మధ్యమధ్య ఆగుతోంది. మొదట్లో వెంటవెంటనే వచ్చింది... తర్వాత కాస్త ఎడం... తర్వాత ఇంకాస్త. ఊపిరి అందని మనిషి ఎలా పిలుస్తాడో అలా.

మైకు తీగ పీకేశాను. మైకుని కడ్డీ నుంచి ఊడదీసి చేత్తో పట్టుకున్నాను. వెచ్చగా ఉంది. దాని మీది స్పాంజి తడిగా ఉంది.

తెర మీద కాసేపు ఏమీ రాలేదు. ఆ తర్వాత...

డాక్టరూ.

వెనక్కి తిరిగి గుమ్మం వైపు చూశాను.

రీస్టార్ట్ అవ్వదన్నావు.

వంటింట్లో గిన్నె చప్పుడు. అక్క ఏ క్షణమైనా వస్తుంది. నేను తెర వైపు వంగి, పెదాలు కదిలీ కదలకుండా అన్నాను.

"తప్పయిపోయింది బావా. పాస్‌వర్డ్ నేనే తియ్యలేదు. అక్కకి చెప్పకు."

ఆ మాటలన్నీ తెర మీదకొచ్చాయి. నేనన్నవి అన్నట్టే, ఒక్క అక్షరం పొల్లుపోకుండా. మైకు నా చేతిలోనే ఉంది, తీగ నేల మీదికి వేలాడుతోంది. చెరిపే మీట నొక్కాను. చెరగలేదు. నొక్కుతూనే ఉన్నాను. అడుగుల చప్పుడు వరండాలోకి వచ్చింది.

గోడలోంచి ప్లగ్గు పీకేశాను.

అక్క రెండు కప్పులతో లోపలికొచ్చింది. నల్లటి తెర వైపు, నా వైపు చూసింది. నా చేతిలో మైకు కూడా చూసింది. డిస్కు పాడైందని, కొట్టుకి తీసుకెళ్ళి చూడాలని, బహుశా అందులో ఏమీ మిగలదని చెప్పాను. చెప్తూనే పెట్టె మరలు విప్పాను. లోపల ఉన్నది పాతకాలం డిస్కు, కరెంటు ఇస్తే గిర్రున తిరిగే రకం. దాన్ని బయటికి లాగి గుడ్డలో చుట్టి సంచిలో వేశాను.

అక్క కాఫీ నాకివ్వలేదు. రెండు కప్పులూ చేతిలోనే ఉన్నాయి.

"చూశావా?"

"చూశాను."

"పిలిచాడా?"

ఆ ప్రశ్నకి ఒక్క మాట చాలు. పిలిచాడక్కా, చివరిదాకా నిన్నే పిలిచాడు, నీ మీద కోపంతో కాదు. అంతే. ఆ మాటంటే ఆమె ఇవాళ రాత్రి అన్నం తింటుంది. ఆ తర్వాత, మరి ఎందుకు మోగలేదురా అని అడుగుతుంది. అది నాకు తెలుసు. ఉన్న ఒక్క అక్కని పోగొట్టుకోవడం కంటే, ఆమె బాధని అలాగే ఉంచడం తేలికనిపించింది. నేను అలాంటివాణ్ణి.

"లేదక్కా. పిలవలేదు."

అక్క తలూపింది. "సరే," అంది. కప్పులు బల్ల మీద పెట్టి, తలుపు దాకా వచ్చి, నేను గడప దాటాక తలుపు వేసుకుంది.

మెట్లు దిగుతున్నాను. రెండో మలుపు దగ్గర సంచి నా తుంటికి తగిలింది. లోపల ఏదో అదురుతోంది. చెయ్యి పెట్టి చూశాను. గుడ్డలో డిస్కు తిరుగుతోంది. దానికి తీగ లేదు, కరెంటు లేదు. సన్నటి చప్పుడుతో, వేడెక్కుతూ, తిరుగుతోంది.

పైన, మూసిన తలుపు వెనకాల, సైకిల్ బెల్లు మోగింది.

ఒకసారి. రెండోసారి. మూడో మోతకి అక్క ఎత్తింది.

"చెప్పండి," అంది.

చాలాసేపు ఏమీ వినిపించలేదు. పారిపోవాలని ఉంది. కాలు కదిపితే చప్పుడవుతుందని భయం. నేను గోడ పట్టుకుని నిలబడ్డాను. తర్వాత అక్క గొంతు. ఎనిమిది నెలల్లో ఎప్పుడూ విననంత మెత్తగా ఉంది.

"ఎంతసేపు పిలిచారు?"

అక్క ఏడ్చింది... కొంచెమే. ముక్కు ఎగబీల్చిన చప్పుడు. ఆ తర్వాత ఆమె గొంతు మారింది.

"ఆఁ... ఇంకా వెళ్ళలేదు. మెట్ల మీదే ఉన్నాడు."

గడియ తీసిన చప్పుడు. తలుపు తెరుచుకుంది. అక్క ఫోను చెవి దగ్గరే పెట్టుకుని మెట్ల మీదికి తొంగిచూసింది. ఆ కళ్ళలో నీళ్ళు ఆరిపోయి ఉన్నాయి. ఒరేయ్ అనలేదు, తమ్ముడూ అనలేదు.

"పైకి రా," అంది. "ఆయన్ని అది ఇంకా అడుగుతూనే ఉందట. ఆ పాస్‌వర్డ్ నీకొక్కడికే తెలుసటగా."

సంచిలో డిస్కు ఆగిపోయింది. అక్క వెనకాల, తెరిచిన ఆ గదిలో, ఎవరో గొంతు సవరించుకున్నారు.