నీలి పురుగు, తొమ్మిది గురువారాలు

"మూడు పొలుసులు గీరుకుంటే మీ మ్యూజియం కూలిపోతుందా?" అంది ఆ అమ్మాయి మొదటిరోజే.

"కూలదు. పురుగు బోసిపోతుంది," అన్నాడతను, పెట్టె తనవైపు లాక్కుంటూ.

మ్యూజియంలో అరల నిండా ఉన్న ఎండు పురుగులకు అతనే దిక్కు. ఆమెది ఫిజిక్స్ ల్యాబు. వేలిగోరంత పురుగుకు అంత నీలం ఎక్కడిదో తేల్చాలట. చివరికి పొలుసులకు ఒప్పుకున్నాడు గానీ, పురుగును గడప దాటనివ్వలేదు. దాంతో ఆమే రంగు కొలిచే పరికరాన్ని ఇక్కడ పెట్టి, ప్రతి గురువారం వచ్చేది.

రెండో వారం అడక్కుండానే పురుగు మీద చుక్క స్పిరిట్ వేసింది. నీలం మాయమైంది. అతను పెట్టె లాక్కోబోయాడు.

"కంగారు పడకండి. అసలిందులో రంగే లేదు. పొలుసు లోపలంతా కంటికి కనపడని గుండ్లు. మూటలో బఠాణీలు పోసినట్టు, ఒక వరసా లేదు, పద్ధతీ లేదు."

"మరి నీలం?"

"అన్నీ ఇంచుమించు ఒకే సైజు. మధ్య దూరమూ ఒకేలా ఉంటుంది. వాటికి తగిలి తిరిగొచ్చే వెలుగులో నీలమే గట్టిగా నిలబడుతుంది. వరస లేదు కాబట్టి, ఎటు తిప్పి చూసినా అదే నీలం. ఇప్పుడు గాలి ఉండాల్సిన సందుల్లో స్పిరిట్ నిండింది, అంతే. ఆరనివ్వండి."

ఇద్దరూ పెట్టె మీదకి వంగి కూర్చున్నారు. అంచుల నుంచి నీలం మెల్లగా తిరిగొచ్చింది. అతను చూసింది మాత్రం ఆమె చెవి పక్కన ఎగురుతున్న జుట్టునే.

ఆ తర్వాత అతనికి వారంలో ఒక్కరోజే మిగిలింది. మిగతా ఆరూ దానికోసం ఎదురుచూడటమే.

ఓ బుధవారం అతను చొక్కా ఇస్త్రీ చేస్తుంటే అక్క అడిగింది. "నువ్వేం వేసుకున్నావో పురుగులకి కనపడుతుందేంట్రా?"

"ఊరుకో అక్కా."

"నేను ఊరుకుంటాలే. నువ్వూ ఊరుకుంటే ఆ పిల్ల పని ముగించుకుని పోతుంది."

తొమ్మిదో గురువారం వాన. ఆమె గొడుగు మూలన పెట్టి, కొన్ని కాగితాలు అందించింది.

"వ్యాసం పూర్తయింది. ఇది మీ కాపీ. పరికరం ఇవాళ తీసుకెళ్లిపోతాను."

"చాలా సంతోషం," అన్నాడు. సంతోషం ఏ మూలా లేదు. వచ్చే గురువారం ఈ గదిలో ఎలా కూర్చోవాలో అతనికి తెలియలేదు. ఆమె వైర్లు చుడుతుంటే చూడలేక కాగితాలు తిప్పాడు. కొలతల తేదీల దగ్గర ఆగిపోయాడు.

"చివరి కొలత మూడో వారంలోనే తీశారా?"

ఆమె చేయి ఆగింది. "అవును."

"మరి ఇన్ని వారాలు ఎందుకొచ్చారు?"

"ఆ మాట మీరు అడుగుతారేమోనని," అంది తలెత్తకుండా. "ఆరు గురువారాలు చూశాను."

అతను కాగితాలు బల్ల మీద పెట్టాడు. ఈసారి ఊరుకోలేదు.

"మీరంటే నాకు ఇష్టమండి. మీరు రాని రోజు ఏ పనీ సాగట్లేదు. రేపు రండి."

"రేపు శుక్రవారం."

"తెలుసు. శనివారం కూడా రండి."

ఆమె వైరు బల్ల మీద వదిలేసి, కుర్చీ లాక్కుని అతనికి ఎదురుగా కూర్చుంది.